పోర్టా క్యాబిన్ల ఫ్యాక్టరీలో అమెరికా ఎన్నిక

దుబాయ్‌లో పనిచేసేవాళ్లు రాజకీయాల జోలికి పోరని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. అది నిజం కాదు. మేము తెగ మాట్లాడేవాళ్లం. ఉంటున్న దేశం గురించి నోరెత్తకూడదు. ఆ సంగతి విమానం దిగిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. సొంత దేశం గురించి ఎత్తితే అదే బల్ల దగ్గర పెషావర్ మనిషీ, ఢాకా మనిషీ కూర్చుని ఉంటారు. అన్నం మధ్యలో లేచిపోవలసి వస్తుంది. ఇక అందరికీ సమానంగా దూరమైనది అమెరికా. దాని అధ్యక్షుణ్ణి తిట్టినా పొగిడినా ఎవరి మనసూ నొచ్చుకోదు. అలా అనుకుని, ఎక్కడా ఓటు వేయని మేమంతా రోజూ మధ్యాహ్నం కూర్చుని అమెరికాను పరిపాలించేవాళ్లం.

ఆ సరదా ఒక మనిషి ఉద్యోగం తీసింది. అతని కూతురి చదువు కూడా తీసింది. అందులో నా వంతు ఎంతో ఇంతవరకూ నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2002 నుంచి 2008 దాకా నేను దుబాయ్‌కి దగ్గరలోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఆఫీసు సూపరింటెండెంటుగా పనిచేశాను. అక్కడ పోర్టా క్యాబిన్లు తయారయ్యేవి. ఇనుప చట్రం మీద గోడలు బిగించి, ఏసీ పెట్టి, లారీ మీద ఎక్కించి పంపే గదులన్న మాట. ఇరాక్ యుద్ధం మొదలయ్యాక వాటికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మేము చేసిన గదుల్లో సగం పైగా అక్కడి అమెరికా సైనిక శిబిరాలకే వెళ్లేవి. వీసాలు, సెలవులు, ఉత్తరాలు, హాజరు పట్టీ నా పని.

నా పుట్టుక గురించి కొంచెం చెప్పాలి, తర్వాత జరిగినదానికి దానితో సంబంధం ఉంది. మాది విజయనగరం వైపు ఒక చిన్న జమీ. మా తాతగారు మద్రాసు శాసనసభలో కూర్చున్నారు. మా నాన్నగారు కోర్టు వరండాల్లో కూర్చున్నారు. నేను జూటు మిల్లు ఆఫీసులో కూర్చున్నాను. మిల్లు మూతపడ్డాక నలభై తొమ్మిదో ఏట దుబాయ్ వెళ్లాను. మా దివాణంలో ఇప్పుడు ప్రభుత్వ హాస్టలు నడుస్తోంది. ఇవన్నీ నేను ఎవరికీ చెప్పుకోలేదనే అనుకునేవాణ్ణి. కానీ చేరిన మూడు నెలలకే ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. అంటే నేనే చెప్పి ఉంటాను.

టీలు కాచే, అన్నాలు తినే పాంట్రీ గదిని చూసుకునే నిజామాబాద్ ఆయన నన్ను "దొరా" అని పిలిచేవాడు. ఆయన నాకంటే పెద్దవాడు, గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నవాడు. ఆ పిలుపులో వెటకారం ఎంతో, మర్యాద ఎంతో నాకు తెలుసు. అయినా వద్దని అనలేదు.

మా డ్రాఫ్ట్స్‌మన్‌ది గయానా. ఆ దేశం దక్షిణ అమెరికా ఖండం మీద ఉంది, కానీ అక్కడివాళ్లు తమను కరేబియన్ వాళ్లమనే చెప్పుకుంటారు. తెల్లవాళ్ల కాలంలో చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి ఓడల్లో తీసుకుపోయిన కూలీల సంతతి అతను. ముత్తాత మద్రాసులో ఓడ ఎక్కాడని మాత్రం తెలుసు. ఏ ఊరో తెలియదు, ఏ భాషో తెలియదు. పేరు చివర ఒక తెలుగు ముక్క ఇంగ్లీషు అక్షరాల్లో అరిగిపోయి మిగిలింది. అది విన్న మొదటి రోజే, మా వైపు నుంచి పోయిన కూలీలే వీళ్లు అనుకుని, మనసులో అతన్ని ఒక మెట్టు కింద కూర్చోబెట్టాను. బయటికి ఎప్పుడూ చూపలేదు. చూపలేదనే అనుకున్నాను.

అతని చేతి రాత అచ్చులా ఉండేది. డ్రాయింగులన్నీ కంప్యూటర్ మీదే వేసేవాడు గానీ, సంతకాలకు వెళ్లే ముఖపత్రం మీద అక్షరాలు మాత్రం తానే రాసేవాడు. క్లయింటు తరఫున మా ఫ్యాక్టరీలో ఉండి మాలు తనిఖీ చేసే అమెరికన్ ఒకాయన ఉండేవాడు. ఆ అక్షరాలు చూసి, "మా నాన్న కూడా ఇలాగే రాసేవాడు" అని మురిసిపోయేవాడు.

డ్రాఫ్ట్స్‌మన్ భార్యా, కూతురూ షార్జాలో అతనితో ఉండేవారు. ఆ అమ్మాయి ఒక ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి చదివేది. డాక్టరు చదవాలని తండ్రి కోరిక. అమ్మాయి కోరిక కూడా అదేనని తర్వాత తెలిసింది.

రాజకీయాల్లో అతనికీ నాకూ ఒక్కనాడూ పొసగలేదు. అందుకే మధ్యాహ్నం అతను రాకపోతే నాకు అన్నం సహించేది కాదు.

అప్పుడు వాషింగ్టన్‌లో ఉన్న అధ్యక్షుడు, అంతకు కొన్నేళ్ల ముందు అధ్యక్షుడుగా చేసిన ఆయన కొడుకు. ఒకరోజు నేను అన్నాను: "తండ్రి గద్దె మీద కొడుకు కూర్చోవడం మా ఇంట్లో జరిగితే జమీందారీ అన్నారు. చట్టం తెచ్చి ఊడబెరికారు. అమెరికాలో జరిగితే మాత్రం ప్రజాస్వామ్యం!"

అతను చెంచా కింద పెట్టి నవ్వాడు. గయానాలో మనవాళ్లు ఒకరినొకరు 'భాయ్' అనే పిలుచుకుంటారట, నన్నూ అలాగే పిలిచేవాడు. "భాయ్, నీ బాధ ప్రజాస్వామ్యం గురించా, మీ జమీ గురించా?"

"రెండూ ఒకటే" అన్నాను.

"కాదు. అక్కడ కొడుకును నాలుగేళ్లకోసారి జనం దించెయ్యవచ్చు. మీ తాతను దించడానికి ఎవరిని అడగాలి?"

నిజామాబాద్ ఆయన టీ గ్లాసులు సర్దుతూ అందుకున్నాడు. నాకు తెలుగులో చెప్పాడు, మిగతావాళ్లకు హిందీలో చెప్పాడు. "దొరను దించుడు ఎందుకు, దొర తనంతట తనే దిగి ఉమ్ అల్ క్వైన్‌ల కూసున్నడు గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

అమెరికా గురించి అతని అభిప్రాయం నాది లాంటిది కాదు. నేను పేపర్లు చదివి మాట్లాడేవాణ్ణి. అతను దాని పక్కన పుట్టినవాడు. "మా ఊరు సముద్రం కంటే పల్లంలో ఉంటుంది. కట్ట లేకపోతే మునిగిపోతాం. పొద్దున్నే లేచి నీళ్లు ఎందాకా వచ్చాయో చూస్తాం. మాకు అమెరికా కూడా అంతే. సముద్రానికి జై అనం, డౌన్ డౌన్ అనం. ఈవేళ ఎందాకా వచ్చిందో చూసుకుంటాం" అనేవాడు. చుట్టాల్లో సగం మంది న్యూయార్క్‌లో ఉన్నారు, వాళ్లు పంపే బట్టలే తొడుక్కుని పెరిగాడు. కరేబియన్‌లోనే ఉన్న చిన్న ద్వీపం గ్రెనడాలో అమెరికా సైన్యం దిగినప్పుడు వీధిలోకి వచ్చి అరిచాడు కూడా. రెండూ నిజమేనని, రెంటికీ మధ్య తగవేమీ లేదని చెప్పేవాడు. నాకది నిలకడ లేనితనంలా కనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, చిన్న దేశంలో పుట్టినవాడు అంతకంటే వేరుగా ఎలా ఉండగలడో నాకు తెలియడం లేదు.

2004 మొదట్లో, అదే కరేబియన్‌లోని హైతీ దేశపు అధ్యక్షుణ్ణి విమానం ఎక్కించి దేశం దాటించారు. ఆయనే రాజీనామా చేశాడని అమెరికా అంది. తనను ఎత్తుకుపోయారని ఆయన అన్నాడు. ఆ రోజు డ్రాఫ్ట్స్‌మన్ అన్నం డబ్బా మూత తీయలేదు. "బానిసలు తిరగబడి, గెలిచి, సొంతంగా నిలబెట్టుకున్న దేశం అది. రెండు వందల ఏళ్ల పండగ చేసుకోవలసిన ఏడాది ఇది. పండగ ఏడాదిలో ఇంటి పెద్దను చెయ్యి పట్టి బయటికి పంపారు" అన్నాడు. నేను ఆ పెద్దమనిషి పాలన ఏమంత గొప్పగా ఉందని వాదించాను. నా వాదనలో నిజం ఉంది. కానీ ఆ పూట వాదించకుండా ఉండవలసింది.

తన దేశం మీద అతనికి అంతకంటే పెద్ద దుఃఖం ఉంది. అక్కడ రెండు పెద్ద పార్టీలు. ఒకటి మన సంతతి వాళ్లది, ఒకటి ఆఫ్రికా సంతతి వాళ్లది. స్పీకరు లండన్‌లో లాగా దర్జాగా కూర్చుంటాడు, సభ్యులు వంగి నమస్కారాలు చేస్తారు, చట్టాలన్నీ పద్ధతిగా ఉంటాయి. ఓటు మాత్రం రక్తాన్ని బట్టి పడుతుంది. "ఓట్లు లెక్కపెట్టడం వృథా ఖర్చు భాయ్. జనాభా లెక్కలు చాలు" అనేవాడు. ఒక పాత ఎన్నికలో ఓట్ల పెట్టెలను సైనికులు బారక్స్‌కు తీసుకుపోయారట. పోలింగ్ ఏజెంటుగా ఉన్న అతని అన్న ఒక పెట్టె వెంట సైకిల్ మీద వెళ్లాడు. ఏజెంటు పెట్టెను వదలకూడదని నియమం ఉంది కదా. తిరిగి వచ్చాక ఆ అన్న మళ్లీ సరిగ్గా నడవలేదు. "మా నియమాలన్నీ ఇంగ్లండు నుంచి వచ్చాయి, లాఠీలు మాత్రం అక్కడే చేసుకున్నాం" అని నవ్వేవాడు. అది విని ఎవరూ నవ్వేవారు కాదు.

ఆ ఏడాది అమెరికా ఎన్నిక రంజాన్ నెలలో పడింది. ఆ నెలలో పగలు అందరి ఎదుట తినడం, తాగడం కుదరదు. ఉపవాసం లేనివాళ్ల కోసం పాంట్రీ తలుపు వేసి, కిటికీకి కర్టెన్ కట్టి, లోపల తినమనేవారు. మూసిన గదిలో మనుషులకు ధైర్యం ఎక్కువవుతుంది. రోజూ పావుగంట తినేవాళ్లం, ముప్పావుగంట అరుచుకునేవాళ్లం. అమెరికన్ కూడా సిగరెట్ కోసం, టీ కోసం అక్కడికే చేరేవాడు. మా వాదనలు విని తల ఊపేవాడు, తన ఓటు ఎవరికో మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం, ఎవరు గెలవాలో మనమే తేల్చుకుందామని ఎవరో అన్నారు. చేతులెత్తండి అన్నారు. చేతులెత్తడం నాకు నచ్చలేదు. "ఓటు అంటే రహస్య ఓటు. మా తాతగారు..." అని మొదలుపెట్టాను. కాగితాలు, పెట్టె, లెక్కింపు, ఫలితం, అంతా పద్ధతిగా జరగాలని తీర్మానించాను. జిరాక్స్ కాగితాల ఖాళీ అట్టపెట్టె తెప్పించాను. ఓటు కాగితాలూ, ఫలితాల పట్టికా అందంగా రాయమని డ్రాఫ్ట్స్‌మన్‌కు అప్పగించాను.

అతను ఒప్పుకోలేదు. "చేతులెత్తి లెక్కపెట్టుకుందాం భాయ్. పెట్టె వద్దు."

"ఎందుకు వద్దు?"

"పెట్టె ఉంటే దాని వెనక ఎవడో ఒకడు వస్తాడు."

"ఇది మీ గయానా కాదయ్యా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఒకసారి పద్ధతిగా జరిగే ఎన్నిక ఎలా ఉంటుందో చూడు."

అతను తన అన్నం డబ్బా సర్దుకుని లేచాడు. మర్నాడు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇద్దరు అభ్యర్థుల పేర్లు, పక్కన గళ్లు, కింద సన్నని గీత. చూస్తే జేబులో దాచుకోవాలనిపించేటట్టు ఉన్నాయి.

ఎన్నిక దివ్యంగా జరిగింది. ఉన్న అధ్యక్షుడు మా పాంట్రీలో ఘోరంగా ఓడిపోయాడు. ఒక ఓటు చెల్లలేదు.

"ఎట్ల చెల్లది దొరా?" నిజామాబాద్ ఆయన పోట్లాటకు వచ్చాడు. "నాకు ఆ ఇద్దరు ఎవలో ఎర్కలేదు. నాకెర్కైనోడు మా సర్పంచ్ ఒక్కడే. ఆయన పేరే రాసిన."

"మీ సర్పంచ్ అమెరికాలో నిలబడలేదయ్యా."

"నిలబడితె గెలుస్తుండె."

డ్రాఫ్ట్స్‌మన్ ఫలితం రాసి పాంట్రీ తలుపుకు లోపలి వైపు అంటించాడు. నేనే అంటించమన్నాను. రెండు రోజులకు అసలు ఫలితం టీవీలో వచ్చింది. మేము ఓడించిన ఆయనే మళ్లీ గెలిచాడు. అప్పుడైనా ఆ కాగితం చింపేయవలసింది. మా ఎన్నికే సరైనదని మొండిగా ఉంచాను.

అమెరికన్ అది చదివి పడీ పడీ నవ్వాడు. తలుపు మీద నుంచి జాగ్రత్తగా ఒలిచి, "మీవాళ్లు మా అధ్యక్షుణ్ణి పీకేశారు చూడండి" అంటూ మా ముదీర్ గదిలోకి తీసుకుపోయాడు. ముదీర్ అంటే అక్కడ మేనేజరు, ఫ్యాక్టరీకి పెద్ద. ఆయనదీ మన దేశమే, పాతికేళ్ల కింద మామూలు గుమాస్తాగా వచ్చి ఆ కుర్చీ దాకా ఎదిగినవాడు. ఆయన కూడా నవ్వాడట. ఆ సాయంత్రమే అమెరికన్ బాగ్దాద్ ప్రయాణమై వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ముదీర్ నన్ను పిలిపించాడు.

ఆయన బల్ల మీద ఆ కాగితం ఉంది. "కూర్చోండి సాబ్" అన్నాడు. కూర్చున్నాను.

"రంజాన్ నెల. తలుపులు మూసి, కర్టెన్ కట్టి, రహస్యంగా ఓట్లు. రేపు ఎవరైనా బయట చెబితే ఏమని చెప్పుకోవాలి నేను? ఈ కంపెనీ తినే తిండి అమెరికా వాళ్లది. వాళ్ల ప్రెసిడెంటును మన గోడల మధ్య ఓడించి, ఆ కాగితం వాళ్ల మనిషి చేతికే ఇస్తారా?"

"ఆయన నవ్వారు కదండీ" అన్నాను.

"నవ్వాడు. పైకి ఏం రాస్తాడో మీకు తెలుసా? నాకు తెలియదు." ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. తర్వాత కాగితం నా వైపు తిప్పాడు. "ఈ రాత ఎవరిది?"

ఆ రాత ఎవరిదో ఫ్యాక్టరీలో గుడ్డివాడు కూడా చెబుతాడు. "డ్రాఫ్ట్స్‌మన్‌ది" అన్నాను.

"ఇదంతా మీకు తెలిసే జరిగిందా?"

ఇది నేను చేయించినదే అని చెప్పడానికి మూడు మాటలు చాలు. నోటిదాకా వచ్చాయి. కానీ ఆయన ముందు తప్పు చేసినవాడిగా నిలబడటం నాకు చేతకాలేదు. మా ఇంట్లో ఎన్ని ఆస్తులు పోయినా, ఎవరూ మరొకరి బల్ల ముందు సంజాయిషీ చెప్పుకోలేదని చిన్నప్పటి నుంచీ విన్నాను. అది కూడా నిజం కాదని తర్వాత పాత కాగితాలు చూస్తే తెలిసింది. ఆ క్షణంలో మాత్రం నిటారుగా కూర్చుని, ఏసీ వైపు చూస్తూ, ఏమీ అనకుండా ఉన్నాను.

నా మౌనాన్ని ఆయన మరో విధంగా అర్థం చేసుకున్నాడు. "అడగకూడనిది అడిగాను. ఏమనుకోకండి. మీలాంటి వంశం మనిషి ఇలాంటి చిల్లర పనుల్లో ఉండడని నాకు తెలియదా?" అన్నాడు.

సిగ్గుతో చెబుతున్నాను, ఆ మాట నాకు హాయిగా అనిపించింది.

తర్వాత డ్రాఫ్ట్స్‌మన్‌ను పిలిచారు. అతన్ని కూర్చోమనలేదు. ఎవరు చేయించారని ముదీర్ అడిగాడు. అతను నా వైపు ఒక్కసారి చూశాడు. బతిమాలే చూపు కాదు, నిష్ఠూరమూ లేదు. నేను మాట్లాడతానేమోనని ఒక రెండు క్షణాలు చోటు ఇచ్చాడు, అంతే. నేను మాట్లాడలేదు.

"నేనే సార్. సరదాకి" అన్నాడు.

"మీ దేశంలో చేసుకోండి సరదాలు. ఖలాస్. రేపు కేన్సిలేషన్ కాగితాల మీద సంతకం పెట్టండి."

అప్పుడు అతను ఒక్కటే అడిగాడు. "మా అమ్మాయికి మార్చిలో బోర్డు పరీక్షలు. నా వీసా పోతే దాని వీసా కూడా పోతుంది. అప్పటిదాకా ఉండనివ్వండి. ఏ పనైనా చేస్తాను. స్టోర్‌లో వేసినా సరే."

ముదీర్ కొంచెం మెత్తబడ్డాడు. నాకది స్పష్టంగా కనిపించింది. ఆయన నా వైపు తిరిగాడు. "ఏమంటారు సాబ్?"

నాకు రెండోసారి వచ్చిన అవకాశం అది. ఉంచుదామని అంటే, ఎందుకంత పట్టుదల అని అడుగుతాడు. అడిగితే మొదటి మౌనం బయటపడుతుంది. "నిర్ణయం మీది" అన్నాను. మర్యాదస్తుడు అనవలసిన మాటే అన్నాను. దాంతో మార్చి పోయింది.

కేన్సిలేషన్ కాగితాలు తయారుచేయడం నా పనే. నేనే టైపు చేశాను. కారణం అనే గడిలో 'సిబ్బంది తగ్గింపు' అని రాశాను. అతను వచ్చి, నిలబడే చదివి, ఆ అందమైన చేతితో సంతకం పెట్టాడు. "అక్షరదోషాలు లేవు భాయ్" అన్నాడు.

ఆ సాయంత్రం నిజామాబాద్ ఆయన టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు. "మీరు లోపల్నే కూసున్నరట గదా. ఒక్క మాట అనకపోతిరా?"

"నా చేతిలో ఏముంది?" అన్నాను.

"చేతుల లేదు. నోట్ల ఉండె." గ్లాసు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి ఆయన నన్ను 'సార్' అనే పిలిచాడు. నేను రిటైరై వచ్చేదాకా ఒక్కసారి కూడా 'దొర' అనలేదు.

వాళ్లు బయల్దేరే ముందు శుక్రవారం షార్జా వెళ్లాను. అట్టపెట్టెలు, తాళ్లు, గోడ మీద క్యాలెండరు ఉన్నచోట తెల్లటి గుర్తు. అమ్మాయి పుస్తకాలను రెండు కట్టలుగా కడుతోంది, పరీక్షకు కావలసినవి వేరుగా.

"అంకుల్, హాల్ టికెట్ గయానాకు పంపిస్తారా? లేకపోతే ఎవరైనా తీసుకోవచ్చా?"

"కనుక్కుంటానమ్మా" అన్నాను. పరీక్ష రాయాలంటే షార్జాలోనే రాయాలని, అక్కడికి హాల్ టికెట్ వెళ్లినా ఉపయోగం లేదని నాకు తెలుసు. ఆ అమ్మాయికి కూడా తెలుసునేమో. ఎవరో ఒకరు వేరేగా చెబుతారని అడిగింది.

డ్రాఫ్ట్స్‌మన్ నాకు టీ ఇచ్చాడు. నేను చెప్పవలసింది చెప్పబోయాను. "ఆ రోజు ఆ గదిలో..."

"వదిలెయ్యి భాయ్" అన్నాడు. "మా దేశంలో ఎన్నికలయ్యాక ఎవరినీ ఎవరికి వేశావని అడగం. పక్కవీధిలో పొద్దున్నే పాలు కొనుక్కోవాలి కదా, అదే మనిషి దగ్గర." ఒక అట్టపెట్టెకు తాడు బిగిస్తూ అన్నాడు, "నీకు తెలుసా, మా అన్న పెట్టె వెంట వెళ్లినప్పుడు మా వీధంతా కిటికీల్లోంచి చూసింది. చెడ్డవాళ్లు కాదు. ఎవరి ఇంట్లో వాళ్లకు పిల్లలున్నారు." నాకు పిల్లలు లేరు. ఆ సంగతి అతనికి తెలుసు.

వాళ్లు వెళ్లిన మూడో రోజున అమెరికన్ బాగ్దాద్ నుంచి వచ్చాడు. ముఖపత్రం మీద చేతి రాత బదులు కంప్యూటర్ అక్షరాలు చూసి, "మన రాతగాడు ఏడి?" అని నన్ను అడిగాడు. అప్పుడు చెప్పాను. ఎన్నిక నేను పెట్టించిందేనని కూడా చెప్పాను. పరాయివాడికి చెప్పడం ఎందుకో సులువయింది.

ఆయన ఆ ముఖపత్రం నా బల్ల మీద పెట్టేశాడు. "నేను మీరు ఓడించిన ఆయనకే ఓటు వేశాను" అన్నాడు. "ఆయన్ని నా భార్య తిడుతుంది, మా పిల్లలు తిడతారు, టీవీలో రోజూ వేళాకోళం చేస్తారు. మీరు తిట్టారని నేను ఒక మనిషి బతుకు తీస్తానా? ఎవరు చెప్పారు మీకు?"

ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం.

"మీ దగ్గర నా శాటిలైట్ ఫోన్ నంబరు ఉంది కదా" అన్నాడు.

ఉంది. నా బల్ల అద్దం కిందే ఉంది. ఆయన లేని పన్నెండు రోజులూ దాని మీదే మోచేతులు ఆనించి పనిచేశాను.

ఆయన ముదీర్‌తో గట్టిగానే మాట్లాడాడు. పరీక్షలకు అమ్మాయినైనా విజిట్ వీసా మీద రప్పించమన్నాడు. ముదీర్ తప్పకుండా అన్నాడు. జనవరిలో అమెరికన్‌ను కువైట్‌కు మార్చారు. ఆ 'తప్పకుండా' అక్కడితో సరి. నేను చెప్పినదంతా ముదీర్‌కు చేరిందో లేదో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, నన్ను కూర్చోమనడం మానలేదు.

అప్పటి నుంచి రాజకీయాల మీద నా అభిప్రాయాలు కొన్ని మారాయి. అమెరికా వాళ్ల గొప్పతనం వాళ్ల యుద్ధాల్లో లేదు, వాళ్ల ఉపన్యాసాల్లో లేదు. తమ నాయకుణ్ణి ఎదుటివాడు వెక్కిరిస్తే పక్కన నిలబడి నవ్వగలగడంలో ఉంది. ఆ నవ్వు సొంత ఇంట్లో ఎంత నిజమో, హైతీలో, ఇరాక్‌లో వాళ్లు చేసింది కూడా అంతే నిజం. రెంటినీ కలిపి చూడటం నాకు ఆ డ్రాఫ్ట్స్‌మన్ నేర్పాడు. ఇక గయానా లాంటి చోట్ల ఓటు రక్తాన్ని బట్టి పడుతుందని తేలిగ్గా మాట్లాడేవాణ్ణి. ముదీర్ గదిలో నా మౌనంతో నేను వేసిన ఓటు కూడా రక్తాన్ని బట్టే పడింది. పెద్దల భయం అనేది పెద్దల నుంచి రాదు. వాళ్ల మనసులో ఏముందో మనం ఊహించుకుని, వాళ్లకంటే ముందే వాళ్ల పని చేసి పెట్టే మన నుంచి వస్తుంది. రేపు మీరు ఏ ఆఫీసులో చేరినా, ఒక రోజు మిమ్మల్ని కూర్చోబెట్టి మరొకణ్ణి నిలబెడతారు. అప్పుడు ఏం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. నేను ఏం చేశానో మాత్రం చెబుతున్నాను.

2008 నవంబరులో, నేను ఉద్యోగం వదిలే ముందు, అమెరికాలో మళ్లీ ఎన్నిక జరిగింది. మొదటిసారి ఒక నల్లజాతి మనిషి గెలిచాడు. పాంట్రీలో అందరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపారు. నాకు ఒక్క మనిషి ఏమంటాడో వినాలనిపించింది. పాత ఫైల్లోంచి నంబరు తీసుకుని, సాయంత్రం దుబాయ్ కరామాలో ఒక టెలిఫోన్ దుకాణం నుంచి గయానాకు చేశాను. అక్కడ అప్పుడు పొద్దున.

ఒక ఆడగొంతు ఎత్తింది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టింది. కూతురే.

"డాడీ మాట్లాడలేరు అంకుల్. రెండేళ్లయింది, పక్షవాతం. మాట పోయింది. వినిపిస్తుంది, అర్థమవుతుంది."

"నువ్వేం చేస్తున్నావమ్మా?"

"మందుల షాపులో కౌంటర్ చూస్తున్నాను. ఇక్కడ సిలబస్ వేరు అంకుల్, మళ్లీ కింది నుంచి చదవాలన్నారు. చదువుదామనుకునే లోపల డాడీకి ఇలా అయింది." ఫిర్యాదుగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పింది.

అభినందనలో, ఓదార్పో, ఏదో ఒకటి అనాలని వెతుక్కుంటున్నాను. ఆమే మళ్లీ అంది.

"మీతో ఒకటి చెప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను అంకుల్. ఆ రోజు మేనేజరు గదిలో మీరు ఒక్కరే మా కోసం మాట్లాడారట కదా. మార్చిదాకా ఉంచమని చాలా పోట్లాడారట. డాడీ ఇంటికి రాగానే చెప్పారు. ఇక్కడికి వచ్చాక కూడా ఎన్నోసార్లు చెప్పారు. అంతా చెడ్డవాళ్లు కాదు, ఒకాయన నిలబడ్డాడు అని. థాంక్యూ అంకుల్."

అతను ఆ మాట ఎందుకు చెప్పాడో నేను చాలాసార్లు ఆలోచించాను. నా కోసం చెప్పి ఉండడు. పద్దెనిమిదేళ్ల పిల్ల తన చదువు పోయిన రోజున, లోకంలో ఒక్కడైనా తన తరఫున నోరు విప్పాడని నమ్మి నిద్రపోవాలని చెప్పి ఉంటాడు.

"అంకుల్, వింటున్నారా? ఫోన్ డాడీ చెవి దగ్గర పెడుతున్నాను. మాట్లాడండి."

ఊపిరి వినిపించింది. నేను ఎన్నిక గురించి చెప్పాను. నల్లజాతి మనిషి గెలిచాడని, పాంట్రీలో అందరూ సంబరపడ్డారని, ఈసారి పెట్టె పెట్టలేదని చెప్పాను. అమ్మాయి పక్కనే ఉంది, కాబట్టి మిగిలింది చెప్పలేదు. ఆమె మళ్లీ ఫోన్ అందుకుని, డాడీ కళ్లలో నీళ్లు వచ్చాయని, చాలా సంతోషించారని చెప్పింది.

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ గదిలో లాగే.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా రాశాను. తెలుగులో రాశాను. ఆ అమ్మాయికి తెలుగు రాదు.